వుజూ నీళ్ళతో పెరటి కూరగాయలు
(మన సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ సభలో విద్యను గురించి, ఉద్యోగాలను గురించి, పేద పిల్లల పెళ్ళిళ్ళను గురించి మాకంటే తెలిసినవారు మాట్లాడారు. మాకు మాత్రం కూరగాయలను గురించి చెప్పమని ఆజ్ఞ అయింది. ఇంత పెద్ద సభలో బెండకాయ, సొరకాయ ఏమిటని కొందరు నవ్వుకోవచ్చు. నవ్వండి, తప్పులేదు. అయితే ఆ కాయలు తినేది మన పిల్లలు, వాటి కోసం సంచీ పట్టుకొని సంతకు పోయేది మనమే. కనుక పది నిమిషాలు ఓపిక పట్టమని కోరుతున్నాము.

ముందుగా ఒక మాట. "మేము" అంటున్నామంటే అది గొప్పకు అనే మాట కాదు. ఈ పని చేసింది ఒక్కరు కాదు. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం - ఈ మూడు ఊళ్ళలోనూ కొన్ని ఇళ్ళవాళ్ళము కలిసి చేశాము. చేసిందాంట్లో సగం ఆడవాళ్ళదే. పేర్లు చెప్పవద్దని వారే అన్నారు గనుక అందరి తరఫున "మేము" అనే చెబుతున్నాము.

పెనుకొండ పేరు వినగానే మనకు బాబా ఫక్రుద్దీన్ దర్గా గుర్తుకు వస్తుంది. తురకలనేమి, హిందువులనేమి అందరూ బాబయ్యస్వామి అని కొలిచే చోటు అది. మన పెద్దలు చెప్పుకునే కథ మీరందరూ వినే ఉంటారు. తిరుచిరాపల్లిలోని నత్తర్ వలీ వారు తమ శిష్యుడైన బాబా గారికి పళ్ళు తోముకునే ఎండుపుల్ల ఒకటి ఇచ్చి, నీవు విడిది చేసిన ప్రతి చోటా దీన్ని నేలలో నాటు, ఎక్కడ చిగురిస్తే అక్కడ ఉండిపో అన్నారట. ఆ పుల్ల చిగురించింది పెనుకొండలోనట. ఆ కథలో మహిమను గురించి మాట్లాడేటంత వాళ్ళము కాము. మేము గమనించింది చిన్న సంగతి. ఊరు నాకు నచ్చిందా అని బాబా గారు చూడలేదు, నేల పుల్లను ఒప్పుకుందా అని చూశారు. పెరడు పెట్టేవాడు కూడా ముందు తన కోరికను కాదు, తన నేలనూ నీళ్ళనూ అడగాలి. మేము మొదటి ఏడు ఆ పని చేయలేదు. అందుకే దెబ్బ తిన్నాము.

అదెలాగంటారా, వినండి. చల్లని దేశాలవారు రాసిన తోటల పుస్తకాలలో వసంతం అంటే మంచు కరిగి నేల మెత్తబడే కాలం. అక్కడ మార్చి, ఏప్రిల్ నెలల్లో విత్తనం వేస్తే ముందున్నదంతా మంచి కాలమే. మన దగ్గర అట్లా కాదు. శివరాత్రితో చలి పోతుంది, ఆ వెంటనే ఎండ దిగుతుంది. మన వసంతానికి ముందున్నది వాన కాదు, మూడు నెలల ఎండ. ఉమ్మడి అనంతపురం జిల్లా సగటు వర్షపాతం ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లు. అందులో ఎక్కువ భాగం జూన్ నుంచి నవంబరు లోపల పడేదే. 2022 ఏప్రిల్ 4న శ్రీ సత్యసాయి జిల్లా ఏర్పడి మన మూడు ఊళ్ళూ అందులోకి వచ్చాయి గానీ, మేఘాలకు జిల్లాల సరిహద్దులు తెలియవు గదా! హిందూపురం పక్కన పెన్న, ధర్మవరం పక్కన చిత్రావతి ఏడాదిలో ఎక్కువ రోజులు ఇసుకగానే కనబడతాయి. హంద్రీ-నీవా కాలువ మీదుగా కృష్ణా నీరు పెనుకొండ దగ్గరి గొల్లపల్లి జలాశయం దాకా వచ్చిన మాట నిజమే. సంతోషమే. కానీ ఎండాకాలంలో మన వీధి కొళాయి ముందు బిందెల వరుస ఎంత పొడుగుంటుందో మీకు మేము చెప్పనక్కరలేదు.

ఇవన్నీ తెలిసిన వాళ్ళమే అయినా, మొదటి ఏడు మార్చి నెల చివర ఉత్సాహం కొద్దీ ముప్పై తొట్లలో టమోటా, వంగ, మిరప, బెండ, కొత్తిమీర అన్నీ ఒకేసారి పెట్టాము. పచ్చి పేడ ఎరువే బలమనుకొని అదే వేశాము. వేడికి వేళ్ళు మాడాయి. మిగిలినవాటికి నీళ్ళు చాలక, తాగే నీళ్ళలో నుంచి తీసి పోశాము. తర్వాత ట్యాంకరు కూడా తెప్పించాము. టమోటా పూత పూసి పూసి రాలిపోయింది. లెక్క చూసుకుంటే నీళ్ళకు పెట్టిన డబ్బుతో అంతకు నాలుగింతల కూరగాయలు సంతలో వచ్చేవి! ఇంట్లో ఆడవాళ్ళు ఒకటే మాటన్నారు - "మనుషులకే లేని నీళ్ళు మొక్కలకా?" మా దగ్గర జవాబు లేదు. తొట్లు బోర్లించి మూలన పెట్టాము.

జవాబు మళ్ళీ ఆ ఆడవాళ్ళ దగ్గరి నుంచే వచ్చింది. ఒక ముసలమ్మ, మోకాళ్ళ నొప్పులతో కొళాయి దాకా పోలేక, మంచం పక్కనే చిలంచీ పెట్టుకొని లోటాతో వుజూ చేసుకునేది. విందుల్లో అతిథుల చేతులు కడిగించే చిలంచీ, అదే. ఆ నీళ్ళు తీసుకుపోయి కోడలు గుమ్మం పక్కనున్న పుదీనా కుండీలో పోసేది. మా తొట్లన్నీ ఎండినా ఆ పుదీనా మాత్రం ఎండలేదు. రోజూ కళ్ళెదుటే ఉన్నా మాకు తట్టలేదు చూడండి! పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని ఊరికే అన్నారా?

అప్పుడు కూర్చొని లెక్క వేశాము. కొళాయి విప్పి వుజూ చేస్తే కింద బక్కెట్టు పెట్టి కొలిచాము. మనిషికి ఐదారు లీటర్లు పోయాయి. లోటాతో చేస్తే ఒకటిన్నర లీటరు చాలింది. దైవప్రవక్త ముహమ్మద్ (స) వారు ఒక ముద్ నీళ్ళతో వుజూ చేసేవారని హదీసులలో ఉంది. ముద్ అంటే మన కొలతల్లో ఇంచుమించు ముప్పావు లీటరు లోపే. పారే ఏటి ఒడ్డున ఉన్నా వుజూలో నీళ్ళు వృథా చేయరాదని మనం చిన్నప్పటి నుంచీ వింటున్నదే. కాబట్టి మా మొదటి పాఠం నీళ్ళు మళ్ళీ వాడుకోవడం కాదు. మొదట తగ్గించుకోవాలి, తర్వాత మిగిలింది వాడుకోవాలి. మొక్కల కోసమని కొళాయి ఎక్కువ సేపు విప్పితే పుణ్యం పోయి పాపం మిగులుతుంది.

ఇంట్లో నమాజు చదివేవారు నలుగురు, రోజుకు నాలుగుసార్లు వుజూ, మనిషికి ఒకటిన్నర లీటరు - మొత్తం 24 లీటర్లు. నడి ఎండలో ఒక పెద్ద తొట్టిలోని మొక్కకు రోజుకు రెండు లీటర్లు అనుకుంటే పన్నెండు తొట్లకు సరిపోతుంది. ముప్పై కాదు, పన్నెండే! ఆ ఏడు మేము పెట్టినవి పన్నెండు తొట్లే. అవన్నీ బతికాయి. అప్పటి నుంచి మేము కొత్తవారికి చెప్పే మాట ఇదే. విత్తనాలు కొనడానికి ముందు మీ ఇంట్లో రోజూ వృథాగా పోయే మంచినీళ్ళు ఎన్ని లీటర్లో కొలవండి. ఆ అంకెను రెండుతో భాగించండి. వచ్చినన్ని తొట్లు పెట్టండి. అంతకు మించి ఒక్కటి కూడా వద్దు. పెరడు విత్తనంతో మొదలు కాదు, నీళ్ళతో మొదలవుతుంది.

వుజూ నీళ్ళలో గొప్పేమిటంటే సబ్బు ఉండదు. స్నానం నీళ్ళు, బట్టలు ఉతికిన నీళ్ళు ఆకుకూరలకు పోయకండి. అవి అరటి మొదట్లోకి, కొబ్బరి మొదట్లోకి మళ్ళించండి. బియ్యం కడిగిన నీళ్ళు, కూరగాయలు కడిగిన నీళ్ళు నిక్షేపంగా పోయవచ్చు. ధర్మవరం సోదరులకు ప్రత్యేకంగా ఒక మనవి. మీ ఊరు పట్టుచీరల ఊరు. మగ్గం ఉన్న ఇంట్లోనో పక్కింట్లోనో రంగుల పని జరుగుతూ ఉంటుంది. పట్టు ఉడకబెట్టిన నీళ్ళు, అద్దకం నీళ్ళు ఎంత చల్లారినా, ఎంత తేటగా కనబడినా కూరమొక్కకు చుక్క కూడా వద్దు. ఆ రంగులూ సోడా తినే మొక్కలకు తగినవి కావు.

ఇంటి సంగతి ఇట్లా కుదిరాక మసీదు సంగతి ఆలోచించాము. శుక్రవారం నాడు ఒక మసీదులో వుజూ చేసే నీళ్ళు ఎన్ని? ఎన్నో బిందెలు తూము గుండా మురికి కాలువలోకి పోతున్నాయి. పక్కనే నాలుగు మడులకు సరిపడే ఖాళీ స్థలం ముళ్ళకంపతో ఉంది. ఆ నీళ్ళు ఇటు మళ్ళిస్తే? ఈ మాట అనగానే అభ్యంతరం వచ్చింది. ఒక పెద్దాయన, మేము ఎంతో గౌరవించే మనిషి, "నోరు పుక్కిలించి ఉమ్మిన నీళ్ళతో పెంచిన కూర అల్లా ఇంటి ఆవరణలోనా? ఎవడు తింటాడు?" అని కోపంగా లేచిపోయారు. ఆ మాట మాకు గుచ్చుకుంది. గుచ్చుకున్నా, ఆయన అడిగింది తప్పు ప్రశ్న కాదు. ఆ రోజు పని ఆపేశాము. పంతానికి పోలేదు.

తర్వాత ఆలిములను అడిగాము. వారు చెప్పింది ఇది. వుజూలో ఒకసారి వాడిన నీరు హనఫీ మతానుసారం మళ్ళీ వుజూ చేయడానికి పనికిరాదు గానీ అది అశుద్ధం కాదు. బట్టల మీద పడితే బట్టలు చెడిపోవు, మొక్కకు పోస్తే దోషం లేదు. రెండోది, మసీదు స్థలంలో పండినది మసీదుదే. ఎవరికి వారు కోసుకుపోయే వీలు లేదు. ముతవల్లీ గారి అనుమతితో పండించాలి. కోసినది ధర కట్టి అమ్మి, ఆ పైకం మసీదు ఖర్చుకే జమ చేయాలి. మేము ఆ ప్రకారమే చేశాము. ఉమ్మే చోటు నీళ్ళు వేరే తూముకు పోయేటట్లు, చేతులూ కాళ్ళూ కడిగే నీళ్ళు మాత్రమే మడులకు వచ్చేటట్లు చిన్న గట్టు కట్టాము. పెద్దాయన మాటలోని న్యాయం అంతవరకు పాటించాము. ఆకుకూరలు వేయకుండా, నేలకు తగలక పందిరి మీద కాసే సొర, బీర వేశాము.

అక్కడా ఒక పొరపాటు జరిగింది. శుభ్రం చేసే రోజున తూములో ఫినాయిలు, బ్లీచింగు పొడి పోసి కడిగారు. ఆ నీళ్ళు నేరుగా మడిలోకి వచ్చాయి. నాలుగు రోజుల్లో సగం తీగలు పసుపుబారి పోయాయి. తప్పు కడిగిన అబ్బాయిది కాదు, అతనికి చెప్పని మాది. ఇప్పుడు ఆ తూముకు ఒక గుడ్డ పీచు మూత ఉంది. కడిగే రోజున మూత పెట్టి నీళ్ళు కాలువలోకి వదులుతారు. మీరు చేసేటప్పుడు ఈ మూత ముందే పెట్టుకోండి.

ఆ మరుసటి ఎండాకాలం పందిరి మీద మొదటి సొరకాయలు దిగినప్పుడు, వేలంలో ఒక కాయను అందరికంటే ఎక్కువ ధరకు పాడుకున్నది ఆ పెద్దాయనే. దాల్చాలోకి తీసుకుపోతున్నానన్నారు. అంతకంటే ఒక్క మాట మాట్లాడలేదు. మేమూ అడగలేదు.

ఇక పని వివరాలకు వద్దాము. వీటిని కొంచెం శ్రద్ధగా వినండి, రాసుకునేవారు రాసుకోండి.

ఎప్పుడు వేయాలి? మన నెలలు చంద్రుని వెంట నడుస్తాయి. రంజాన్ ఏటేటా పది, పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. విత్తనం మాత్రం సూర్యుని వెంట నడుస్తుంది. అందుకే మన సేద్యగాళ్ళు పండుగలకు హిజ్రీ లెక్క చూసుకున్నా, విత్తనానికి కార్తెల లెక్కే చూసుకున్నారు. ఎండాకాలపు కూరగాయలకు మన ప్రాంతంలో మంచి అదను జనవరి చివరి వారం నుంచి ఫిబ్రవరి నెలాఖరు వరకు. ఏప్రిల్ ఎండలు ముదిరేలోగా వేరు లోతుకు దిగి ఉండాలి. మార్చి దాటితే ఆగండి. మృగశిర కార్తెలో, జూన్ మొదట్లో, తొలకరి చూసి వేసుకోండి.

ఏ తొట్లు? కొత్తవి కొననక్కరలేదు. పగిలిన బక్కెట్లు, నూనె డబ్బాలు, సిమెంటు సంచులు, పాత బిందెలు ఏవైనా సరే, అడుగున నాలుగు చిల్లులు ఉంటే చాలు. రెండు పాళ్ళు ఎర్రమట్టి, ఒక పాలు బాగా చివికిన దిబ్బ ఎరువు, ఒక పాలు ఇసుక గానీ కొబ్బరి పొట్టు గానీ, తొట్టికి ఒక పిడికెడు వేపపిండి. హిందూపురం చుట్టుపక్కల పట్టుపురుగులు పెంచే రైతులు చాలామంది ఉన్నారు. పురుగుల తట్టల్లో మిగిలిన పెంటికలు, మల్బరీ ఆకు ముక్కలు చివకబెడితే మంచి ఎరువు. అడిగితే ఒక సంచి ఇవ్వని రైతు లేడు.

మిద్దె మీద పెట్టేవారు జాగ్రత్త. ఇరవై లీటర్ల బక్కెట్టు తడిమట్టితో నిండితే ముప్పై కిలోలకు దగ్గరగా తూగుతుంది. పాత మట్టి మిద్దెల మీద, బండల మిద్దెల మీద తొట్లు పెట్టనే వద్దు. కాంక్రీటు మిద్దె అయినా గోడల మీదికి వచ్చేటట్లు అంచుల వెంబడి, ఇటుకల మీద ఎత్తి పెట్టండి. అద్దె ఇల్లయితే ముందుగా ఇంటి యజమానిని అడగండి. మిద్దె కురిసిందని తర్వాత మాట పడటం కంటే అది మేలు.

నీళ్ళు పోయడానికి ఒక పాత ఉపాయం ఉంది. మెరుగు పూత లేని చిన్న మట్టికుండను తొట్టి మధ్యలో, మూతి దాకా పాతిపెట్టి, వుజూ నీళ్ళు దాంట్లో పోసి పైన మూత పెట్టండి. కుండ గోడల గుండా నీరు మెల్లగా చెమర్చి వేళ్ళకు అందుతుంది. పైన పోసిన నీళ్ళలా ఎండకు ఆవిరైపోదు. మూత మరిచిపోతే దోమలు గుడ్లు పెడతాయి. మట్టి పైన రెండంగుళాల మందాన వేరుశనగ పొట్టు పరచండి. మన జిల్లాలో దానికి కొరత లేదు గదా! అయితే పొట్టుకు చెదలు పట్టవచ్చు, అప్పుడప్పుడు కదిపి చూసి వేపపిండి చల్లండి. నీళ్ళు పోసే వేళ ఫజర్ తర్వాత, మళ్ళీ అసర్ తర్వాత. మిట్ట మధ్యాహ్నం పోయకండి. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నపు ఎండకు పాత నూలుచీర గానీ గోనెసంచి గానీ పందిరిలా కట్టండి.

ఏమి వేయాలి? మొదటి ఏడు ఎండను ఓర్చుకునేవాటినే వేయండి. తోటకూర నెల లోపలే కోతకు వస్తుంది. గోంగూర, అదే మన ఇళ్ళలో అంబాడా, ఒకసారి వేస్తే కత్తిరించేకొద్దీ చిగురిస్తుంది. బెండ గింజలు రాత్రి నానబెట్టి వేస్తే నెలన్నర దాటాక మొదటి కాయ. మటిక్కాయ, కోస్తావారు గోరుచిక్కుడంటారు, ఎండకు అన్నిటికంటే గట్టిది. సొరపాదు ఒక్కటి చాలు, పెద్ద తొట్టిలో పెట్టి పందిరికి ఎక్కించండి. పుదీనాకు విత్తనమే అక్కరలేదు. సంతలో కొన్న కట్టలో ఆకులు దూసుకున్నాక లావు కాడలు తడిమట్టిలో గుచ్చండి, వారం పది రోజుల్లో వేరు పోసుకుంటాయి. కొత్తిమీరకు నీడ కావాలి, ధనియాలు రెండు బద్దలు చేసి వేయాలి. టమోటా, వంగ మాత్రం వానాకాలానికి దాచుకోండి. ఎండలో టమోటా పూత నిలవదని మేము డబ్బిచ్చి నేర్చుకున్నాము.

సొరపూలు సాయంత్రం విచ్చుకుంటాయి. మిద్దె మీదికి తుమ్మెదలు రాకపోతే పిందె కుళ్ళి రాలిపోతుంది. మగ్రిబ్ వేళకు మగపువ్వు ఒకటి కోసి, కింద చిన్న పిందె ఉన్న ఆడపువ్వు మధ్యలో మెల్లగా తాకించండి. ఈ పని పిల్లలకు అప్పగించండి, వారికి చదువూ అవుతుంది, ఆటా అవుతుంది. బెండ ఆకుల ఈనెలు పసుపుబడితే ఆ మొక్కను పెరికి పారేయండి. ఆ తెగులును తెల్లదోమ ఒక మొక్క నుంచి ఇంకొక మొక్కకు మోస్తుంది. పేనుబంకకూ తెల్లదోమకూ లీటరు నీళ్ళలో ఐదు మిల్లీలీటర్ల వేపనూనె, కొద్దిగా సబ్బు కలిపి సాయంత్రం పూట చల్లితే చాలు.

ఇంత శ్రమ ఎందుకు, సంతలో దొరకదా అంటారా? హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల ప్రకారం మనిషికి రోజుకు ఆకుకూరలతో కలిపి 400 గ్రాముల కూరగాయలు కావాలి. ఐదుగురున్న ఇంటికి రోజుకు రెండు కిలోలు! పన్నెండు తొట్లు అంత ఇవ్వవు. ఇస్తాయని చెప్పి మిమ్మల్ని మోసం చేయము. మాకు వచ్చినది వారానికి మూడు, నాలుగు పూటల ఆకుకూర, అప్పుడప్పుడు బెండ, మటిక్కాయ, మే నెలలో సొరకాయ. మిగిలింది సంతలోనే కొంటున్నాము.

కానీ ఆ మూడు, నాలుగు పూటలు ఎవరి విస్తట్లోకి పోతున్నాయో అది ముఖ్యం. 2019-21 నాటి ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కల్లో మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో నూటికి 58 మందికి పైగా రక్తహీనత ఉన్నది. సగం కంటే ఎక్కువ! ఆ తెర అవతల కూర్చున్నవారిని రెండు వరుసలుగా చూస్తే ఒక వరుసకు పైనే అన్నమాట. మన ఇళ్ళలో సంగతి మనకు తెలుసు. చుట్టం వస్తే మాంసం ముక్కలు చుట్టానికీ మగవారికీ పోతాయి. అందరికీ పెట్టి చివర కూర్చున్న తల్లికి షేర్వా మిగులుతుంది. కొనే కూరలో పొదుపు చేస్తాము గానీ గుమ్మంలో పెరిగే తోటకూరలో ఎవరూ పొదుపు చేయరు. అది ఆమె చేతి కింద ఉంది. ఒకరిని అడగనక్కరలేదు, బురఖా వేసుకొని సంతకు పోనక్కరలేదు, కోసుకొని వండుకోవచ్చు. ఆకుకూర మీద నిమ్మకాయ పిండుకుంటే అందులోని ఇనుము ఒంటికి బాగా పడుతుంది. తిన్న వెంటనే చాయ్ తాగితే ఆ లాభం తగ్గిపోతుంది. ఇఫ్తార్ అయిన వెంటనే చాయ్ అడిగేవారు ఒక గంట ఆగండి. ఆకుకూరలతో ఒక్కటే రక్తహీనత పోదు, ఆసుపత్రిలో ఇచ్చే మాత్రలు మానవద్దు. ఇది దానికి తోడు.

ఇంకొక లాభం లెక్కల్లో రాదు. 2025లో ఉగాది మార్చి 30న, మన ఈద్ మరునాడు 31న వచ్చాయి. ఉగాది నాడు మా వేపచెట్టు పూత పక్కింటి పచ్చడికి పోయింది. మరునాడు వారి పెరటి కరివేపాకు మా దాల్చా తిరగమోతలోకి వచ్చింది. మా షీర్ ఖుర్మా గిన్నె వారింటికి పోయి, తిరిగి వచ్చేటప్పుడు నిండా బెండకాయలతో వచ్చింది. ఖాళీ గిన్నె తిప్పి పంపకూడదనేది రెండు ఇళ్ళ మర్యాదా ఒకటే గదా! పెద్ద పెద్ద సభలు పెట్టి చెప్పే ఐకమత్యం ఆ గిన్నెలో కనబడింది.

ఇక సంఘం వారికి మా విజ్ఞప్తులు మూడే. ఒకటి, ఏటా జనవరిలో సభ్యుల ఇళ్ళకు తోటకూర, గోంగూర, బెండ, మటిక, సొర - ఈ ఐదు రకాల విత్తనాలు చిన్న పొట్లాలుగా పంచాలి. తీసుకున్నవారు ఒక మొక్కను విత్తనానికి వదిలి, మరుసటి ఏడు రెండు పొట్లాలు తిరిగి ఇవ్వాలి. రెండు, ముతవల్లీలు ఒప్పుకున్న చోట్ల మసీదు వుజూ తూముకు గట్టు, మూత కట్టించాలి. అందుకు కావలసింది రెండు సంచుల సిమెంటు, ఒక మేస్త్రీ రోజు కూలి. మూడు, వానాకాలం ముందు మిద్దె నీళ్ళు పట్టే పని మొదలుపెట్టాలి. వంద చదరపు అడుగుల మిద్దె మీద 550 మిల్లీమీటర్ల వాన పడితే ఇంచుమించు ఐదు వేల లీటర్లు. అందులో ఒక్క పీపా నిండా పట్టినా, వాన వెనకబట్టిన రోజుల్లో తొట్లకు అక్కరకు వస్తుంది.

ముస్లిం ఎవరైనా ఒక చెట్టు నాటితే, ఒక విత్తనం చల్లితే, దాన్ని మనిషి తిన్నా, పక్షి తిన్నా, పశువు తిన్నా అది అతనికి సదఖాగా రాయబడుతుందని హదీసు భావం. చూడండి, పిట్ట కొట్టిన కాయ కూడా నష్టం ఖాతాలో పోదు! ప్రళయం ముంచుకొచ్చే వేళ చేతిలో మొక్క ఉంటే దాన్ని నాటే పొమ్మన్న బోధ కూడా మనదే. ప్రళయం దాకా ఎందుకు, రాబోయే జనవరి దాకా ఆగితే చాలు.

ఈ రాత్రి ఇషా నమాజుకు వుజూ చేసేటప్పుడు కొళాయి కింద ఒక బక్కెట్టు పెట్టండి. ఎన్ని లీటర్లయిందో చూడండి. మేము అడిగేది ఈ రాత్రికి అంతే. ఆ నీళ్ళు గుమ్మం పక్కన ఏ మొక్క ఉంటే దాని మొదట్లో పోసి పడుకోండి.

అల్లా మన శ్రమలో బర్కత్ ప్రసాదించుగాక, మన ఊళ్ళకు సకాలంలో వానలు కురిపించుగాక. ఆమీన్.